నారుమడి దాకా ఒకే ఊపిరి

ఉప్పలగుప్తం
6 జనవరి 2025

శ్యామూ,

నువ్వూ, మీ ఆవిడా, పింకీ చల్లగా ఉండాలని పొద్దున్నే ప్రార్థన చేసుకుని ఇది మొదలుపెట్టాను. మేనత్త ఉత్తరం రాసిందేమిటా అని కంగారుపడకు. ఒంట్లో బాగానే ఉంది. గొంతే లేదు. కాకినాడలో గడ్డ తీసినప్పుడు దానితోపాటు మాట కూడా పోయిందని నీకు తెలుసు కదా. డాక్టరుగారు ముందే చెప్పారు, గడ్డ నరాన్ని పట్టేసిందనీ, ప్రాణం కావాలంటే గొంతు వదులుకోవాలనీ. ఇప్పుడు ఎవరి చెవిలోనైనా నోరు పెట్టి గుసగుసలాడాల్సిందే. ఫోన్లో అదీ వినపడదు. శారోన్ నాకు పలకా బలపం కొనిచ్చింది. ఉద్యోగమంతా పిల్లల చేత అక్షరాలు దిద్దించి, రిటైరయ్యాక నేనే పలక పట్టుకున్నాను చూడు! వాట్సాప్‌లో రాయమంటావేమో, ఆ బుల్లి అక్షరాల మీద నా వేలు నిలవదు. ఉత్తరమైతే నా చేతిరాత నాకుంటుంది.

ఇక అసలు సంగతి. మా చర్చి నూట పాతికేళ్ళ పండక్కి పాటల ఆల్బం చేశారు. మా నాన్నగారు, అంటే మీ తాత గంగయ్యగారు, నాట్లు వేస్తూ కట్టిన పాట అందులో ఉంది. మన శారోనే క్వయర్ లీడరు, అంతా దాని చేతుల మీదుగానే జరిగింది. రెండో చరణం నేనొక్కదాన్నే పాడాను. అక్టోబర్లో, ఆపరేషన్‌కి ముందు, అమలాపురంలో మురళీమోహన్ గారి స్టూడియోలో. అప్పటికే గొంతు బొంగురుపోయింది. అయినా పాడాను. బయటికొచ్చి బెంచీ మీద కూచుని టీ తాగుతుంటే శారోన్ వచ్చి, "అదరగొట్టేవమ్మా" అని నా బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. కన్నకూతురు అలా ముద్దు పెట్టుకుని ఎన్నేళ్ళయిందో!

క్రిస్మస్‌కి ఆల్బం విడుదల చేసినప్పుడు నేను మంచం మీద ఉన్నాను. తర్వాత ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చారు. దాన్ని నేనేం చేసుకోను? మీ మావయ్యగారు మస్కట్ నుంచి తెచ్చిన టేపురికార్డర్ ఒక్కటే నాకు వాడ్డం తెలుసు. నీ దగ్గర ఆ పెద్ద టేపు డెక్కు ఇంకా పనిచేస్తోందని విన్నాను. పాటలన్నీ ఒక కాసెట్‌లోకి ఎక్కించి పంపు నాయనా. ఇన్నేళ్ళూ చర్చిలో పాడాను కానీ ఒక్కరూ రికార్డు చెయ్యలేదు, ఎలీసమ్మ ఎక్కడికి పోతుందిలే అనుకున్నారు. నా గొంతుకి ఇక మిగిలింది ఆ ఒక్క చరణమే.

పెన్‌డ్రైవ్ ఈ కవర్లోనే పెట్టి, మా ఇంటి పని చూసే దానమ్మ చేత కొరియర్‌కి పంపుతున్నాను.

నీ మాట లేని అత్త,
ఎలీసమ్మ


గాజువాక, విశాఖపట్నం
17 జనవరి 2025

అత్తయ్యగారికి వందనాలు.

మీ ఉత్తరం పింకీ చేత చదివించుకున్నాను. అది తెలుగు చదవడం చూసి మా ఆవిడకి ఆనందం పట్టలేదు. నెలకో ఉత్తరం రాయమంటోంది మిమ్మల్ని.

కాసెట్ పంపుతున్నాను. డెక్కు బెల్టు సాగిపోతే కొత్తది వేయించాను. ఇంట్లో అందరూ నన్ను పిచ్చివాడి కింద జమకట్టారు, ఈ రోజుల్లో కాసెట్ ఎక్కించేవాడు ఎవడుంటాడని. ఉన్నానండీ నేనొకణ్ణి.

ఎలా ఎక్కించానో మీకు చెప్పాలి, మీరు వింటారు కాబట్టి చెబుతున్నాను. వెనకటికి టేపు నుంచి టేపుకి ఎక్కించేటప్పుడు డెక్కు మీటర్లో ముల్లు కాస్త ఎర్రగీత దాటినా పరవాలేదు, పాట నిలబడేది. పెన్‌డ్రైవ్ పాట అలాంటిది కాదు. మెల్లగా ఉన్నచోట మరీ మెల్లగా ఉంటుంది, ఉన్నట్టుండి గట్టిగా మీద పడుతుంది. అందుకని ముందు పాటలన్నీ ఒకసారి పెట్టి, అన్నిటికన్నా గట్టిగా ఉన్నచోటు ఏదో చూసుకోవాలి. సండేస్కూలు పిల్లల పాటలో డప్పు పడేచోట ముల్లు ఎగిరింది. అక్కడ ముల్లు గీతని తాకి ఆగేలా రికార్డింగ్ లెవెల్ పెట్టాను. ఒకసారి లెవెల్ పెట్టాక ఇక నాబ్ ముట్టుకోకూడదు. అదీ పద్ధతి. ముట్టుకుంటే పాటకీ పాటకీ మధ్య మనం అబద్ధమాడినట్టే.

ప్రతి పాట అయ్యాక కాసేపు ఖాళీ టేపు తిరగనిచ్చాను. చివరి మాట తెగిపోకూడదు కదండీ.

డాక్టరు చెప్పిన మందులు మానకండి.

మీ మేనల్లుడు,
శ్యామ్ బాబు


ఉప్పలగుప్తం
28 జనవరి 2025

శ్యామూ,

కాసెట్ అందింది. విన్నాను. కోపం చల్లారాక రాద్దామని ఆగాను, చల్లారలేదు.

అందరి పాటలూ ఖంగుమని వచ్చాయి. పిల్లల డప్పుకి పక్కింట్లో కోళ్ళు బెదిరిపోయాయి. నా చరణం వచ్చేసరికి ఏమీ లేదు! హార్మోనియం కింద ఎక్కడో, కాలవ అవతలి గట్టు మీద ఎవరో పాడుతున్నట్టుంది. వాల్యూమ్ పెంచితే సర్రుమని టేపు చప్పుడు పెరిగింది గానీ నేను పెరగలేదు.

నాబ్ ముట్టుకోలేదన్నావు. మరి నేనే ఎందుకు తగ్గాను? నేను అడగకూడదు గానీ అడుగుతున్నాను. శారోన్‌ని నీకు ఇవ్వకుండా బయటి సంబంధం చేశామని మీ నాన్న మనసులో పెట్టుకున్నాడు, పోయేదాకా మా ఇంట్లో భోజనం చెయ్యలేదు. నువ్వు అలాంటివాడివి కాదనుకున్నాను. మేనరికం వద్దన్నది నేనే, శారోన్ కాదు. ఆ కసి నా గొంతు మీద తీర్చుకోవాలా?

మాట ఎక్కువైతే ఏమనుకోకు. నోటితో అనడానికి లేక అంతా చేతికే వస్తోంది.

అత్త


గాజువాక
5 ఫిబ్రవరి 2025

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం చూసి మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "శారోన్ గారిని చేసుకుని ఉంటే మీ డెక్కుని కాలవలో పారేసేదండీ, నేను కాబట్టి సరిపోయింది" అంటోంది. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. నాకు ఏ కసీ లేదండి. శారోన్ అంటే నాకు చిన్నప్పటి నుంచీ అభిమానమే, ఇప్పటికీ నా మరదలే.

తప్పు ఎక్కడుందో చూశాను. మీ చరణం పెన్‌డ్రైవ్‌లోనే అంత తగ్గి ఉంది. అందరికీ ఒకే లెవెల్ పెట్టాను కాబట్టి అందులో ఎంతుందో అంతే కాసెట్లోకి వచ్చింది. స్టూడియోలో కలిపేటప్పుడు ఎందుకో కిందకి పెట్టారు. నన్ను తిట్టారు కాబట్టి ఇక మురళీమోహన్ గారిని తిట్టండి.

ఇప్పుడు తాతగారి పాట ఒక్కటే వేరే కాసెట్ మీద ఎక్కించాను. ఈసారి డప్పుతో పనిలేదు. మీ చరణంలోనే ఎక్కువగా ఉన్నచోటు చూసుకుని, ముల్లు గీత దాకా వచ్చేలా లెవెల్ పెంచాను. అలా పెంచి ఎక్కిస్తే పాట పైకి లేస్తుంది, టేపు చప్పుడు కిందే ఉండిపోతుంది. మిగతా చరణాలు పగిలినట్టు వినిపిస్తాయి, వాటిని పట్టించుకోకండి. పాట చెవిపెట్టి వినలేదండి, ముల్లే చూస్తూ కూచున్నాను. మీరు తీరిగ్గా విని చెప్పండి.

శ్యాము


ఉప్పలగుప్తం
19 ఫిబ్రవరి 2025

శ్యామూ,

నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నా మీద కోపముంటే దిగమింగుకో, ఈ ఉత్తరం మాత్రం పూర్తిగా చదువు.

రెండో కాసెట్ చక్కగా వినిపించింది. అది నేను కాదు.

ఆ చరణం నీకు గుర్తుందో లేదో. "కాలవ కట్టేసిన నాడు కన్నీట తడిపితి నారుమడి, నీవే నీరై రావయ్యా." నాన్నగారు నాకు నేర్పినప్పుడు 'నారుమడి' దాకా ఒకే ఊపిరిలో పాడించేవారు. మధ్యలో ఊపిరి తీస్తే మొదటికి రమ్మనేవారు. "నాట్లలో వంగున్నప్పుడు ఊపిరి దొరకదే, ఆ బాధ పాటలో ఉండాలి" అనేవారు. శారోన్‌కి నేనూ అలాగే నేర్పాను. అది ఎప్పుడూ 'నాడు' దగ్గర ఆగి, చిన్నగా ఊపిరి తీసుకునేది. ఎన్నిసార్లు చెప్పినా మానలేదు.

కాసెట్లో 'నాడు' తర్వాత ఊపిరి ఉంది.

నేను గుడ్లప్పగించి కూచుంటే దానమ్మ బియ్యం ఏరుతూ, "శారోనమ్మగారు ఎంత బాగా పాడేరండీ" అంది. దానికి తెలుసు! చర్చిలో అందరికీ తెలుసేమో. ఆల్బం అట్ట మీద నా పేరు వేశారు. నా పేరు మీద నా కూతురు పాడింది, నాకు తెలియకుండా కిందకి పెట్టించింది.

ఆదివారం ఆరాధన తర్వాత శారోన్ వస్తే పలక మీద రాసి అడిగాను. మొహం పాలిపోయింది. "ఆపరేషన్ అయ్యేక స్టూడియోలో నీ ఫైలు పాడైపోయిందన్నారమ్మా. నువ్వు మళ్ళీ పాడలేవు కదా. నేను పాడి పెట్టేను. నీ మనసు కష్టపడుతుందని చెప్పలేదు" అంది. ఏడ్చింది కూడా. దాని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను, ఏం చెయ్యను?

నమ్మాలని ఉంది. నమ్మితే ఈ బాధ సగమవుతుంది. నువ్వు ఒక్కసారి మురళీమోహన్ గారికి ఫోన్ చేసి, నేను పాడింది నిజంగా పోయిందా అని కనుక్కో. పోయిందంటే పిల్ల మాట నిజమనుకుని ఊరుకుంటాను. ఉంటే నాకు ఎక్కించి పంపు. ఎంత పాడైపోయినా సరే, నా గొంతు నాకు కావాలి.

ఎలీసమ్మ


గాజువాక
10 మార్చి 2025

అత్తయ్యగారికి,

ఆలస్యమైనందుకు క్షమించాలి. డ్యూటీలు మారాయి, పింకీకి జ్వరం, ఇలా రోజులు గడిచిపోయాయి.

మీరు పాడింది దొరికిందండి. మురళీమోహన్ గారు వేరే డిస్కులో దాచారట, ఈమధ్యే కనపడిందట. కంప్యూటర్లో పంపారు. శారోన్‌కి ఆ డిస్కు సంగతి తెలిసి ఉండదు. దాన్ని మీరు ఏమీ అనకండి.

కాసెట్ జాగ్రత్తగా ఎక్కించాను. హార్మోనియం లేదు, ఏదీ లేదు, మీ గొంతు ఒక్కటే. డెక్కు ముందు కూచుని ఈసారి ముల్లు చూడలేదండి, విన్నాను. తాతగారు పోయిన రోజు మీరు పాడింది గుర్తొచ్చింది. ఇంతకన్నా రాయలేను.

ఇది విని మనసు తేలిక చేసుకోండి. ఈస్టర్‌కి రావాలని చూస్తాను.

శ్యామ్ బాబు


ఉప్పలగుప్తం
18 మార్చి 2025

శ్యామూ,

నన్ను నేను విన్నాను. తలుపు వేసుకుని, దానమ్మని కూడా పంపేసి విన్నాను. గొంతు పగిలింది. 'నారుమడి' దగ్గర రెండు ముక్కలైంది. ఒప్పుకుంటాను, ఆల్బంలో పెట్టేలా లేదు. కానీ ఊపిరి తియ్యలేదు శ్యామూ. పగిలాను గానీ మధ్యలో ఆగలేదు. నాన్నగారు ఉంటే ఇదే ఉంచమనేవారు.

అయితే ఒక సంగతి అడగాలి. స్టూడియో గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు నా పాట పొడుగునా ఉంది. 'రావయ్యా' అయిపోయింది. అయిపోగానే ఆ ఫ్యాను చప్పుడు తగ్గుతూ తగ్గుతూ పోయి ఏమీ లేకుండా అయింది. ఫ్యాను అలా ఆగదు. ఎవరో నాబ్ తిప్పారు.

ఒకసారి లెవెల్ పెట్టాక ముట్టుకోకూడదని నువ్వే రాశావు. చివరి మాట తెగిపోకూడదని పాట తర్వాత ఖాళీ టేపు తిరగనిస్తానని కూడా రాశావు. మరి నా పాటకే చెయ్యి ఎందుకు కదిలింది? పాట తర్వాత ఏముందక్కడ?

పలక మీద నేను రాసేలోపు అందరూ నా తరఫున ఏదో ఒకటి అనుకుని జవాబు కూడా చెప్పేస్తున్నారు. నువ్వు ఒక్కడివి నాకు ఉన్నది ఉన్నట్టు వినిపిస్తావనుకున్నాను. నువ్వు కూడానా?

మొత్తం పంపు. పంపకపోతే ఇదే నా ఆఖరి ఉత్తరం.

ఎలీసమ్మ


గాజువాక
2 ఏప్రిల్ 2025

అత్తయ్యగారికి,

నా చెయ్యే కదిలిందండి. నేనే తిప్పాను.

మురళీమోహన్ గారికి నేను ఫోన్ చేసిన సంగతి ఆయన శారోన్‌కి చెప్పారు. శారోన్ నాకు ఫోన్ చేసి, "చివర్లో ఉన్నది అమ్మ వినకూడదు బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అని ఏడ్చింది. చిన్నప్పటి నుంచీ అది ఏడిస్తే నేను కాదనలేను, మీకు తెలుసు. వేరే డిస్కులో దొరికిందని రాసింది కూడా కట్టుకథే. మీ ఫైలు ఎప్పుడూ పోలేదు.

పూర్తి టేపు ఇందులో ఉంది. ఈసారి ముట్టుకోలేదు. వినకుండా ఉంటే మంచిదని ఇప్పటికీ అంటాను.

ఈస్టర్‌కి రాలేనండి. మొహం చెల్లదు.

శ్యాము


ఉప్పలగుప్తం
27 ఏప్రిల్ 2025

శ్యామూ,

నీ కాసెట్ అందిన రోజే విన్నాను. ఈస్టర్ అయ్యాక రాద్దామని ఆగాను.

'రావయ్యా' తర్వాత ఫ్యాను చప్పుడు. తలుపు చప్పుడు, అది నేను బయటికి వెళ్ళడం. అప్పుడు నేను బెంచీ మీద కూచుని టీ తాగుతున్నాను. మైకు ఆపకుండానే జరపడానికి లోపలికొచ్చారేమో, మురళీమోహన్ గారి గొంతు దగ్గర్లోనే వినిపించింది. "అమ్మగారి చేత మళ్ళీ ఒకసారి పాడించమంటారా అండీ?" నా కూతురి గొంతు. "వద్దండి, ఎన్నిసార్లు పాడినా అంతే. ఆవిణ్ణి ఇంటికి పంపేసి నేను పాడేస్తాను. లెవెల్ కాస్త కిందకి పెట్టండి. ఆవిడ వినేది ఆ పాత టేపురికార్డర్లోనే, తేడా తెలీదు." ఆయన ఏదో నసిగారు. ఇది నవ్వింది. మళ్ళీ తలుపు చప్పుడు.

ఆ తలుపు తీసుకుని బయటికొచ్చే నా బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది.

నా గొంతు బాగోలేదని మొహం మీద చెప్పి ఉంటే నేను ఏడ్చి, సరేలే నువ్వే పాడు అని పక్కన కూచుని ఆ ఊపిరి ఎక్కడ తియ్యకూడదో మళ్ళీ చెప్పి ఉండేదాన్ని. పాట దానిదేగా! నా తర్వాత దానికి కాక ఎవరికిస్తాను? అడగకుండా తీసుకుంది, తీసుకుని ముద్దు పెట్టింది. ఆ ముద్దు తలుచుకునే నేను ఆపరేషన్ బల్ల ఎక్కాను శ్యామూ.

ఈస్టర్ నాడు తెల్లారకుండానే సమాధుల దగ్గరికి వెళ్ళాం. మీ మావయ్య సమాధి మీద బంతిపూలు పరిచి కొవ్వొత్తులు పెట్టాం. శారోన్ మీ తాతగారి పాట ఎత్తుకుంది. రెండో చరణంలో 'నాడు' దగ్గర ఊపిరి తీసుకుని, నా వైపు చూసింది. నేను కొవ్వొత్తి వైపు చూశాను.

మధ్యాహ్నం అదీ, అల్లుడూ భోజనానికొచ్చారు. చేపల పులుసు, పనసపొట్టు కూర చేశాను. అల్లుడు తిని పడుకున్నాడు. శారోన్‌ని టేపురికార్డర్ ముందు కూచోబెట్టి మీట నొక్కాను. నాకు గొంతు లేదు కదా, దాన్ని అడగడానికి. దాని మాటే దానికి వినిపించాను.

నా పాట వస్తున్నంతసేపూ తలొంచుకుని ఉంది. తన నవ్వు వినపడగానే తలెత్తింది. క్షమించమ్మా అంటుందనుకున్నాను. "ఇది నీకు శ్యామ్ బావే పంపేడా?" అంది. అదే దాని మొదటి మాట. పలక నా ఒళ్ళోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టేశాను. అది మొగుణ్ణి లేపుకుని వెళ్ళిపోయింది.

దాని కోసం నాకు అబద్ధం రాశావు. అది మర్చిపోను. కానీ చివరికి పంపావు, అదీ మర్చిపోను. ఆ కాసెట్ వెనకవైపు ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులూ చాకు మొనతో విరిచేశాను. ఇక దాని మీద ఎవరూ ఇంకో పాట ఎక్కించలేరు. అందులో నా చరణమూ, దాని మాటలూ పక్కపక్కనే, ఒకే లెవెల్లో ఉన్నాయి.

నిన్న ఫోన్ మోగింది. దానిదే. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. అది ఏమీ అనలేదు, నేను ఏమీ అనలేను. చిన్నగా ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఆ ఊపిరి తర్వాత ఏం చెప్పేదో వినకుండానే ఫోన్ పెట్టేశాను.

పింకీకి నా ముద్దులు చెప్పు.

మీ అత్త,
ఎలీసమ్మ